ప్రభుత్వ ఉద్యోగుల ఆస్తి వివరాలు, ప్రవర్తనా నియమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరి మొదటి వారం రాగానే ప్రతి ఆఫీసులో అవే సందేహాలు. ప్రాపర్టీ స్టేట్‌మెంట్ ఇవ్వాలా, అత్తగారిచ్చిన నగలు రాయాలా, ప్లాట్‌కి పర్మిషన్ కావాలా... ఈ పేజీ ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల కోసం. రెండు చోట్లా మూలం ఒకటే: 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమాలు. విడిపోయాక తెలంగాణ వాటినే తనకు అన్వయించుకుంది. కేంద్ర ఉద్యోగులకు వేరే నియమాలున్నాయి, అవీ 1964 నాటివే. తేడా ఉన్న చోట వాటినీ చెప్పాం. రాష్ట్ర నియమాల్లోని రూపాయల పరిమితులను జీవోలతో సవరిస్తుంటారు కాబట్టి తాజా అంకెను మీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడిగి రాసుకోండి.

## ఉద్యోగంలో చేరినప్పుడు

ఇప్పుడే ఉద్యోగం వచ్చింది, నా పేరు మీద గజం స్థలం కూడా లేదు. అయినా స్టేట్‌మెంట్ ఇవ్వాలా?

ఇవ్వాలి. మొదటి నియామకం అప్పుడే ఆస్తుల వివరాలు ఇవ్వాలని రాష్ట్ర నియమాల్లో 9వ రూల్ చెబుతోంది. స్థిరాస్తులకు అనుబంధం 1, చరాస్తులకు అనుబంధం 2. ఏమీ లేకపోతే 'లేదు' అని రాసి సంతకం పెట్టండి. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు కానీ సర్వీసు మొత్తంలో మీకు బాగా పనికొచ్చే కాగితం ఇదే. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా లెక్క అడిగితే, ఉద్యోగానికి ముందే మీ దగ్గర ఏముందో చెప్పే రికార్డు ఇదొక్కటే ఉంటుంది. పెళ్లికి ముందు అమ్మ ఇచ్చిన బంగారం, చదువుకునే రోజుల్లో వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ అన్నీ అప్పుడే ఎక్కించండి.

నేను రికార్డ్ అసిస్టెంట్‌ని. మా ఆఫీసు అటెండర్‌ని కూడా అడుగుతున్నారు. మాకూ ఉందా?

రాష్ట్ర నియమాల ప్రకారం లాస్ట్ గ్రేడ్ సర్వీసు (అటెండర్ స్థాయి) వారికి, రికార్డ్ అసిస్టెంట్లకు చేరినప్పటి ప్రకటన, వార్షిక ప్రకటన రెండింటి నుంచీ మినహాయింపు ఉంది. జూనియర్ అసిస్టెంట్ నుంచి పైవాళ్లంతా ఇవ్వాలి. అయితే మినహాయింపు ఆ ప్రకటనలకు మాత్రమే. బహుమతులు, వ్యాపారం, నిజాయితీకి సంబంధించిన మిగతా నియమాలు అందరివీ.

నేను ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని. నాకు ఈ గొడవలేమీ లేవు కదా?

ప్రవర్తనా నియమాల కింద ప్రకటన అడగకపోవచ్చు. అవినీతి నిరోధక చట్టం సంగతి వేరు. 1988 నాటి ఆ చట్టంలో 'పబ్లిక్ సర్వెంట్' నిర్వచనం చాలా విశాలం. ప్రభుత్వం నుంచి జీతం తీసుకునేవాళ్లు, ప్రజా విధి నిర్వర్తించినందుకు ఫీజు లేదా కమిషన్ పొందేవాళ్లు కూడా అందులోకి వస్తారు. ఔట్‌సోర్సింగ్ వాణ్ని కదా అనే మాట ట్రాప్ కేసులో (లంచం తీసుకుంటుండగా పట్టుకునే కేసు) మిమ్మల్ని కాపాడుతుందని అనుకోకండి.

'కుటుంబ సభ్యులు' అంటే ఎవరెవరు? పెళ్లయిన అమ్మాయి, ఊళ్లో ఉన్న నాన్న లెక్కలోకి వస్తారా?

భార్య లేదా భర్త, కొడుకు, కూతురు, సవతి పిల్లలు మీతో ఉన్నా లేకున్నా కుటుంబమే. మీతోనే ఉంటూ పూర్తిగా మీ మీద ఆధారపడ్డ బంధువులు కూడా. చట్టప్రకారం విడిపోయిన జీవిత భాగస్వామి, మీ మీద ఏ రకంగానూ ఆధారపడని పిల్లలు ఇందులోకి రారు. అంటే పెళ్లయి తన సంపాదనతో బతుకుతున్న కూతురు రాదు. ఊళ్లో సొంత పొలం చేసుకుంటూ బతికే నాన్న కూడా రారు. పెన్షన్ ఏదీ లేకుండా మీ ఇంట్లోనే ఉండే అమ్మ వస్తుంది.

## ఏటా జనవరిలో

ఎప్పటిలోగా ఇవ్వాలి?

రాష్ట్ర ఉద్యోగులు ప్రతి సంవత్సరం జనవరి 15 లోపు, త్రూ ప్రాపర్ చానల్, అంటే పై అధికారి ద్వారా. కేంద్రంలో గ్రూప్ ఎ, గ్రూప్ బి అధికారులు డిసెంబరు 31 నాటికి ఉన్న స్థిరాస్తుల వివరాలను జనవరి 31 లోపు ఇవ్వాలి. ఎలా ఇచ్చినా ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆఫీసులో ఫైళ్లు గల్లంతవుతాయని మనకి వేరే చెప్పాలా!

ఈ సంవత్సరం ఏమీ కొనలేదు, అమ్మలేదు. మళ్లీ ఎందుకు?

లావాదేవీ ఏదీ జరగకపోతే జరగలేదనే ప్రకటన ఇవ్వాలని నియమంలోనే ఉంది. ఒక్క పేజీ పని. ఇవ్వకపోతే మీరు ఏమీ కొనలేదని ఎవరూ అనుకోరు, చెప్పలేదని అనుకుంటారు.

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేస్తున్నాను. అందులో అన్నీ ఉన్నట్టే కదా?

లేవు. ఐటీ రిటర్న్ ఆదాయం లెక్క, ప్రాపర్టీ స్టేట్‌మెంట్ ఆస్తి లెక్క. రిటర్న్‌లో ఆస్తులు, అప్పుల షెడ్యూలు ఉన్నా అది పెద్ద ఆదాయం వాళ్లకే. 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆ హద్దు రూ.50 లక్షల నుంచి రూ.1 కోటికి పెరిగింది. జీతగాళ్లలో ఎక్కువ మందికి అది తగలదు. పైగా ఐటీ శాఖకు ఇచ్చినది మీ శాఖకు ఇచ్చినట్టు కాదు. రెండూ ఒకదానితో ఒకటి సరిపోవాలి, అది మాత్రం నిజం. రూ.30 లక్షలు, ఆ పైన జరిగే రిజిస్ట్రేషన్లను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఐటీ శాఖకు పంపుతుంది. మీ స్టేట్‌మెంట్‌లో లేని ఇల్లు అక్కడ కనిపిస్తే సమాధానం వెతుక్కోవాలి.

పెళ్లయిన ఆడవాళ్లకి అరకిలో బంగారం దాకా లెక్క చెప్పక్కర్లేదట?

బాగా పాతుకుపోయిన అపోహ ఇది. పెళ్లయిన మహిళకు 500 గ్రాములు, పెళ్లికాని మహిళకు 250, మగవాళ్లకు 100 అనే అంకెలు 1994 మే నెలలో ప్రత్యక్ష పన్నుల బోర్డు ఇచ్చిన సూచనలోవి. ఐటీ సోదాలో అంతవరకు నగలను స్వాధీనం చేసుకోవద్దని అధికారులకు చెప్పడమే దాని ఉద్దేశం. ప్రవర్తనా నియమాలకీ దానికీ సంబంధం లేదు. ఏసీబీ సోదాలో దొరికిన బంగారం గ్రాము లెక్కన ఆస్తిలో కలుస్తుంది. పుట్టింటివాళ్లు పెట్టినదైతే అలాగే రాయండి: ఎవరిచ్చారు, ఎప్పుడు, సుమారు ఎంత బరువు. పెళ్లి ఫోటోలు, నగల బిల్లులు పడేయకండి.

టీచర్లు ఆస్తుల వివరాలు ఇవ్వాలన్న ఉత్తర్వును తెలంగాణలో 2022లోనే వెనక్కి తీసుకున్నారు కదా?

వెనక్కి తీసుకున్నది ఆ ఉత్తర్వును, నియమాన్ని కాదు. 2022 జూన్‌లో పాఠశాల విద్యాశాఖ టీచర్లంతా ఏటా ఆస్తుల వివరాలు ఇవ్వాలని, కొనుగోళ్లకు ముందు అనుమతి తీసుకోవాలని సర్క్యులర్ ఇచ్చింది. పెద్ద దుమారం రేగింది. మంత్రి ఆదేశంతో అది వెంటనే ఆగింది. కానీ సర్క్యులర్ చెప్పిన విషయం కొత్తదేమీ కాదు, 1964 నుంచి పుస్తకంలో ఉన్నదే. ఆ ఉత్తర్వు ఆగిందని స్టేట్‌మెంట్ మానేసినవాళ్లు 9వ రూల్ కింద మెమో వస్తే ఏం చెబుతారో నాకు అర్థం కాదు. ఆ గొడవలో న్యాయమైన ప్రశ్న ఒకటుంది: ఏళ్ల తరబడి అడగని శాఖ ఒక్కసారిగా అందరినీ అనుమానించినట్టు అడగడం ఏమిటని. దానికి జవాబు క్రమం తప్పకుండా అందరి దగ్గరా తీసుకోవడమే.

ఐదారేళ్లుగా ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తే నేనే దొరికిపోయినట్టు అవుతుందా?

ఆలస్యంగా ఇవ్వడం క్రమశిక్షణ లోపం. అసలు ఇవ్వకపోవడం అంతకంటే పెద్ద లోపం. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం విడిగా ఫారాలు నింపి, ఆలస్యానికి కారణం చెబుతూ ఒక కవరింగ్ లెటర్ పెట్టి ఇవ్వండి. ఫారం మీద ఇవాళ్టి తేదీనే వేయండి. పాత తేదీ వేయించుకునే తెలివితేటలు వద్దు. ఇన్‌వార్డ్ రిజిస్టర్ ఒక్కటి తీస్తే బయటపడుతుంది, అప్పుడది ఆలస్యం కాదు, ఫోర్జరీ. సోదా జరిగాక ఇచ్చే స్టేట్‌మెంట్‌ను ఎవరూ నమ్మరు, అంతకు ముందు ఇచ్చినదానికి విలువ ఉంటుంది.

ఇవ్వకపోతే నిజంగా చర్య తీసుకుంటారా?

మన దగ్గర చాలాకాలం పట్టించుకోలేదన్నది వాస్తవం. కానీ నియమం ఉల్లంఘిస్తే 1991 నాటి సీసీఏ నియమాల (క్రమశిక్షణ చర్యల నియమాలు) కింద అభిశంసన, ఇంక్రిమెంట్ నిలిపివేత వంటి శిక్షలకు దారి ఉంది. కేంద్రంలో స్టేట్‌మెంట్ ఇవ్వనివారికి విజిలెన్స్ క్లియరెన్స్ (మీ మీద ఆరోపణలేమీ లేవనే ధ్రువీకరణ) ఆపుతారు, దాంతో ప్రమోషన్లు, మంచి పోస్టింగులు ఆగుతాయి. ఉత్తరప్రదేశ్ 2024లో ఇంకో అడుగు ముందుకేసి, మానవ్ సంపద పోర్టల్‌లో వివరాలు పెట్టని రెండు లక్షల మందికి పైగా ఉద్యోగుల ఆగస్టు జీతం ఆపింది. బిహార్ 2011 నుంచి ఉద్యోగుల ఆస్తులను వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెడుతోంది.

నా ఆస్తుల వివరాలు ఆర్టీఐలో ఎవరైనా అడిగి తీసుకోవచ్చా?

మామూలుగా ఇవ్వరు. 2012లో గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగి ఆస్తులు, ఐటీ రిటర్నులు వ్యక్తిగత సమాచారమని, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే తప్ప ఇవ్వక్కర్లేదని చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆర్టీఐ చట్టంలోని ఆ సెక్షన్‌ను ఇంకా బిగించింది. ఐఏఎస్ అధికారుల స్థిరాస్తి వివరాలు మాత్రం కేంద్ర సిబ్బంది శాఖ వెబ్‌సైట్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాయి. కలెక్టర్ ఇల్లు ఎక్కడుందో అందరూ చూడొచ్చు, ఆయన కింద పనిచేసే సూపరింటెండెంట్‌ది రహస్యం! ఈ తేడాకు సరైన సమర్థన నాకు ఇంతవరకు కనిపించలేదు.

## కొనేటప్పుడు, అమ్మేటప్పుడు

ప్లాట్ కొనాలి. పర్మిషన్ కావాలా, చెబితే చాలా?

స్థిరాస్తి కొన్నా అమ్మినా, బహుమతిగా ఇచ్చినా పుచ్చుకున్నా ముందే తెలియజేయాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక కాదు. అవతలి మనిషికి మీ ఆఫీసుతో పని ఉంటే సమాచారం చాలదు, ముందస్తు మంజూరు తీసుకోవాలి. ఉదాహరణకు మీరు మున్సిపల్ టౌన్ ప్లానింగ్‌లో ఉన్నారు, అమ్మేవాడు మీ దగ్గర ప్లాన్ అప్రూవల్ కోసం తిరిగే బిల్డర్. ఆ ధర సరైనదే అయినా మంజూరు లేకుండా కొంటే మీరు ఏం చెప్పినా చెల్లదు.

దరఖాస్తులో స్థలం సర్వే నంబరు, విస్తీర్ణం, ధర, అమ్మేవారి పేరు, వారితో మీకు ఆఫీసు సంబంధం ఉందో లేదో రాయాలి. అన్నిటికంటే ముఖ్యం డబ్బు ఎక్కడిదన్నది. పీఎఫ్ నుంచి ఇంత, బ్యాంకు లోను ఇంత, పాత ప్లాట్ అమ్మితే వచ్చింది ఇంత అని విడగొట్టి రాయండి. 'సొంత సేవింగ్స్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ కాగితం రేపు మీకు ఉపయోగపడదు.

దరఖాస్తు పెట్టి మూడు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. బయానా ఇచ్చేశాను. ఏం చేయాలి?

సమాచారం ఇస్తే సరిపోయే లావాదేవీ అయితే, ఇన్‌వార్డ్ నంబరున్న కాపీ మీ చేతిలో ఉన్నంతవరకు మీరు మీ పని చేసినట్టే. ఒక రిమైండర్ రాసి, దానికీ నంబరు వేయించుకోండి. మంజూరు అవసరమైన లావాదేవీ అయితే ఆగాల్సిందే. మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడానికి ఇది పెళ్లిచూపులు కాదు. ఇకముందు బయానా ఇవ్వకముందే దరఖాస్తు పెట్టండి. అగ్రిమెంట్‌లో అనుమతి గడువు గురించి ఒక షరతు రాయించుకోవడం ఇంకా మేలు.

రిజిస్ట్రేషన్ విలువ 12 లక్షలు, నిజంగా ఇచ్చింది 30 లక్షలు. స్టేట్‌మెంట్‌లో ఏది రాయాలి?

ఈ ప్రశ్న ఎవరూ పైకి అడగరు, లోపల అందరికీ ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లో మార్కెట్ ధరకీ ప్రభుత్వ విలువకీ మధ్య ఉన్న అంతరం వల్ల వచ్చిన తలనొప్పి ఇది. డాక్యుమెంట్‌లో 12 లక్షలు, స్టేట్‌మెంట్‌లో 30 అని రాస్తే మిగతా 18 లక్షలు నగదుగా ఇచ్చానని మీరే ఒప్పుకున్నట్టు. స్థిరాస్తి లావాదేవీలో రూ.20,000, ఆ పైన నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. అమ్మినవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. 12 అనే రాస్తే, రేపు సోదాలో అమ్మినవారి స్టేట్‌మెంటో, ఒక చిత్తు కాగితమో అసలు ధర బయటపెడుతుంది.

జవాబు ఒక్కటే. ప్రభుత్వ ఉద్యోగి తెల్ల డబ్బు, నల్ల డబ్బు కలిపిన బేరానికి వెళ్లకూడదు. పూర్తి ధర డాక్యుమెంట్‌లో వేయించి, బ్యాంకు ద్వారా ఇవ్వండి. స్టాంపు డ్యూటీ కొన్ని వేలో లక్షో ఎక్కువవుతుంది, అమ్మేవాడు మూతి ముడుచుకుంటాడు. బేరం పోయినా పోనివ్వండి, ఇంకో ప్లాట్ దొరుకుతుంది.

మా ఆవిడ ప్రైవేట్ కంపెనీలో చేస్తుంది. తన జీతంతో తన పేరున ఫ్లాట్ కొంటే నేను చెప్పాలా?

కేంద్ర నియమాల్లో దీనికి వెసులుబాటు ఉంది. కుటుంబ సభ్యులు తమ సొంత డబ్బుతో, అంటే జీతం, స్త్రీధనం, వారసత్వంగా వచ్చిన సొమ్ముతో, తమ పేరున చేసే లావాదేవీలకు ముందస్తు సమాచారం వర్తించదు. రాష్ట్ర నియమాల్లో కుటుంబ సభ్యుల పేరున ఉన్న ఆస్తి కూడా ప్రకటనలోకి వస్తుంది కాబట్టి చెప్పడమే మంచిది. ఆమె శాలరీ స్లిప్పులు, ఫారం 16, ఈఎంఐ కట్టిన బ్యాంకు ఖాతా వివరాలు జతచేయండి. ఈఎంఐలో సగం మీ ఖాతా నుంచి పోతుంటే అది మీ లావాదేవీ కూడా అని గుర్తుంచుకోండి.

బామ్మర్ది పేరున తీసుకుంటే ఈ తంటా ఉండదు కదా?

అసలు తంటా అక్కడే మొదలవుతుంది. డబ్బు మీది, పేరు ఆయనది అయితే అది బేనామీ. 2016లో సవరించిన చట్టం ప్రకారం ఆస్తి జప్తు, ఏడాది నుంచి ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా. తెలిసిన ఆదాయంతో భార్య, భర్త, పిల్లల పేరున కొంటే మినహాయింపు ఉంది. బామ్మర్దికి లేదు. ఆయనతో చెడితే ఆస్తి నాదని కోర్టుకీ వెళ్లలేరు.

తాతల నాటి పొలం పంపకాల్లో రెండెకరాలు నా వాటాకి వచ్చింది. కొనలేదు కదా, రాయాలా?

రాయాలి. వారసత్వంగా వచ్చింది కూడా ప్రకటనలో భాగమే. విలువ దగ్గర కంగారు పడకండి. వచ్చిన సంవత్సరం, ఎవరి నుంచి వచ్చింది, పాస్‌బుక్ నంబరు, మీ వాటా రాస్తే చాలు. ఇంకా పంచుకోకపోతే 'ఉమ్మడి ఆస్తి, నా వాటా ఇంత' అనండి. కౌలు వస్తుంటే దాన్ని ఏటా ఆదాయంగా చూపండి. ఇరవై ఏళ్లు కౌలు తీసుకుని ఒక్కసారీ రాయకుండా, కేసు వచ్చాక 'వ్యవసాయ ఆదాయం' అంటే విచారణాధికారి నవ్వుతాడు.

కారు, బైక్, ఫ్రిజ్ కొన్నా చెప్పాలా?

నిర్ణీత మొత్తం దాటిన చరాస్తికి చెప్పాలి. కేంద్రంలో రెండు నెలల మూల వేతనం దాటిన ఏ చరాస్తి లావాదేవీనైనా నెలలోపు తెలియజేయాలి. కారు దాదాపు అందరికీ ఆ లెక్కలోకి వస్తుంది, ఫ్రిజ్ రాదు. షోరూమ్‌లో కాకుండా ఆఫీసుతో పని ఉన్న మనిషి దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొంటే ముందే మంజూరు కావాలి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి డబ్బు పంపి హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనమన్నాడు. నా పేరున కొనొచ్చా?

మీ పేరున కొంటే అది మీ ఆస్తే, ముందస్తు సమాచారం తప్పదు. వీలైతే అబ్బాయి పేరునే కొని, మీరు పవర్ ఆఫ్ అటార్నీ మీద పనులు చూడండి. డబ్బు అతని ఎన్నారై ఖాతా నుంచి నేరుగా అమ్మేవారికి వెళ్తే ఇంకా శుభ్రం. మీ ఖాతా మీదుగా తిప్పితే ప్రతి రెమిటెన్స్‌కీ బ్యాంకు కాగితం దాచాలి. అబ్బాయి స్వతంత్రంగా సంపాదిస్తున్నాడు కాబట్టి అతని పేరున ఉన్నది మీ ప్రకటనలోకి రాదు.

## బహుమతులు, పార్టీలు

దీపావళికి కాంట్రాక్టర్ స్వీట్ బాక్స్ తెచ్చాడు. వద్దంటే బాగోదు...

వద్దనండి. ఆఫీసుతో పని ఉన్నవాడి నుంచి బహుమతి విషయంలో చిన్నదా పెద్దదా అన్నది రెండో ప్రశ్న. ఒక కప్పు కాఫీ, దారిలో లిఫ్ట్, మామూలు భోజనం బహుమతి కిందికి రావని కేంద్ర నియమం స్పష్టంగా చెబుతోంది, కాబట్టి మరీ బిగుసుకుపోనక్కర్లేదు. కానీ డ్రైఫ్రూట్ బాక్స్ కింద ఏముందో ఇంటికెళ్లాక చూసుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఇంటికి పంపేశాడా? తిప్పి పంపి, పై అధికారికి రెండు లైన్ల నోట్ పెట్టండి.

కూతురి పెళ్లికి వచ్చిన కట్నకానుకలు, చదివింపుల సంగతి?

దగ్గరి బంధువులు, ఆఫీసుతో పనిలేని స్నేహితులు ఆచారం ప్రకారం ఇచ్చేవి తీసుకోవచ్చు. హద్దు దాటితే తెలియజేయాలి. కేంద్రంలో బంధువుల బహుమతులకు ఆ హద్దు గ్రూప్ ఎకు రూ.25,000, గ్రూప్ బికి రూ.15,000, గ్రూప్ సికి రూ.7,500. చదివింపుల పుస్తకం మన దగ్గర ఎలాగూ రాస్తారు, దాన్ని భద్రంగా ఉంచితే అదే సాక్ష్యం. కట్నం ఇవ్వడం, తీసుకోవడం, అడగడం ప్రవర్తనా నియమాల్లోనే విడిగా నిషేధం.

ఆఫీసర్ గారి వీడ్కోలు పార్టీకి తలా రెండు వేలు వేయమంటున్నారు. తప్పదా?

తప్పించుకోవచ్చు. బదిలీ, పదవీ విరమణ సందర్భంగా ఇష్టపూర్వకంగా, సాదాసీదాగా చేసుకునే వీడ్కోలుకు అభ్యంతరం లేదు. చందా కోసం ఒత్తిడి చేయడం మాత్రం తప్పు. పై స్థాయి అధికారి విందు కోసం గ్రూప్ సి, డి ఉద్యోగుల దగ్గర వసూలు చేయడాన్ని కేంద్ర నియమం సూటిగా నిషేధించింది.

పని అయిపోయాక సంతోషంగా ఇస్తే లంచం ఎలా అవుతుంది?

అవుతుంది. అవినీతి నిరోధక చట్టం దృష్టిలో చేయాల్సిన పనికి ముందు తీసుకున్నా తర్వాత తీసుకున్నా ఒకటే. 2018 సవరణ తర్వాత 'అనుచిత ప్రయోజనం' అంటే డబ్బే కానక్కర్లేదు, విమానం టికెట్టు, పిల్లాడికి సీటు ఏదైనా కావచ్చు. శిక్ష మూడు నుంచి ఏడేళ్లు.

## పెట్టుబడులు, పక్క ఆదాయం

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు కొనొచ్చా? ఆప్షన్స్ ట్రేడింగ్?

పెట్టుబడిగా కొనొచ్చు. స్పెక్యులేషన్ కుదరదు. తరచూ కొనడం, అమ్మడం కూడా స్పెక్యులేషన్ కిందే లెక్క అని నియమంలో వివరణ ఉంది. నెలనెలా సిప్ వేసుకునేవాళ్లకి టెన్షన్ అక్కర్లేదు. ఆఫీసు టైమ్‌లో ఫోన్ చూస్తూ రోజూ ఆప్షన్స్ ఆడేవాళ్లకి ఈ నియమం నేరుగా తగులుతుంది. కేంద్ర ఉద్యోగుల షేర్లు, ఫండ్ల లావాదేవీలు క్యాలెండర్ సంవత్సరంలో ఆరు నెలల మూల వేతనం దాటితే జనవరి 31 లోపు విడిగా స్టేట్‌మెంట్ ఇవ్వాలి.

చిట్టీలు వేస్తున్నాను, కొంచెం వడ్డీకి కూడా తిప్పుతున్నాను. ఇబ్బందా?

రిజిస్టర్డ్ చిట్‌లో సభ్యుడిగా ఉండటం ఇబ్బంది కాదు. పాడుకున్న చిట్ మొత్తం దేనికి వాడారో పాస్‌బుక్‌తో సహా చూపగలగాలి. మీరే చిట్టీ నడపడం వ్యాపారం. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నేరం కూడా. ఇక వడ్డీకి ఇవ్వడం నియమాల్లో నేరుగా నిషేధం. బంధువుకో స్నేహితుడికో వడ్డీ లేకుండా చిన్న చేబదులు ఇవ్వొచ్చు. వడ్డీ వ్యాపారం చేసిన ఉద్యోగికి ఇంకో చిక్కు ఉంటుంది: కేసు వచ్చినప్పుడు 'ఈ డబ్బు వడ్డీల మీద వచ్చింది' అంటే ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పుకున్నట్టే.

మా ఆవిడ ఎల్‌ఐసీ ఏజెంట్. అది నా తప్పా?

ఆమె ఏజెన్సీ తప్పు కాదు. ఆ విషయం ప్రభుత్వానికి తెలియజేయాలి. మీరు ఆఫీసులో, మీ దగ్గరికి పని మీద వచ్చినవాళ్లకు పాలసీలు అంటగడితే మాత్రం అది ఉల్లంఘన.

నేను టీచర్‌ని. సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుంటే?

కుదరదు. 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేట్ ట్యూషన్లు చెప్పకూడదని అంటోంది.

యూట్యూబ్ చానల్ పెట్టాను, యాడ్స్ డబ్బు వస్తోంది.

అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనికి నియమాలు అడ్డు చెప్పవు. నెలనెలా ఆదాయం వచ్చే చానల్ అలాంటిది కాదు, అనుమతి తీసుకోండి, ఐటీ రిటర్న్‌లో చూపండి. ఆఫీసు ఫైళ్లు, ప్రభుత్వ విధానాల మీద విమర్శ అందులోకి రాకూడదు.

## ఏసీబీ దాకా వస్తే

'ఆదాయానికి మించిన ఆస్తులు' అని లెక్క ఎలా తేలుస్తారు?

ముందు ఒక కాలవ్యవధి ఎంచుకుంటారు, దాన్ని చెక్ పీరియడ్ అంటారు. నాలుగు స్టేట్‌మెంట్లు తయారవుతాయి: ఎ అంటే మొదట్లో ఉన్న ఆస్తి, బి అంటే చివర్లో ఉన్న ఆస్తి, సి ఆ మధ్య ఆదాయం, డి ఖర్చు. బి నుంచి ఎ తీసేస్తే కొత్తగా కూడబెట్టింది. సి నుంచి డి తీసేస్తే మిగలాల్సింది. రెండింటి తేడాయే ఆరోపణ.

ఊహించిన అంకెలతో చూద్దాం. మొదట 10 లక్షలు, చివర 90 లక్షలు, అంటే కూడింది 80. ఆదాయం 120 లక్షలు, ఖర్చు 70, మిగలాల్సింది 50. తేడా 30 లక్షలు, ఆదాయంలో 25 శాతం. ఇప్పుడు ఈ ఉద్యోగి నాన్నగారు పొలం అమ్మి 12 లక్షలు ఇచ్చారనుకోండి. ఆ సంగతి అప్పుడే శాఖకు రాసి, బ్యాంకు ద్వారా తీసుకుని ఉంటే ఆదాయం 132 అవుతుంది, తేడా 18కి పడిపోతుంది, అంటే 14 శాతం లోపే. చేతికి నగదుగా తీసుకుని ఎక్కడా రాయకపోతే ఆ 12 లక్షలు నిజమే అయినా లెక్కలోకి రావడం కష్టం. ఇంటి ఖర్చులకు బిల్లులు ఉండవు కాబట్టి సాధారణంగా స్థూల జీతంలో మూడో వంతును ఖర్చు కింద వేసేస్తారు. పొదుపుగా బతికినవాళ్లకి అన్యాయం అనిపిస్తుంది. మీ ఖర్చు అంతకంటే తక్కువని నిరూపించుకునే భారం మీ మీదే పడుతుంది.

10 శాతం దాకా ఎక్కువున్నా ఫర్వాలేదట?

కృష్ణానంద్ అగ్నిహోత్రి కేసులో సుప్రీంకోర్టు ఆదాయంలో 10 శాతం లోపు తేడాను తప్పుగా చూడలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకప్పుడు సర్క్యులర్‌లో 20 శాతం దాకా వెసులుబాటు చెప్పింది, ఆ సంగతి 1995 నాటి బి.సి. చతుర్వేది తీర్పులో కనిపిస్తుంది. ఇవి లెక్కల్లో వచ్చే అటూఇటూ కోసం, పది శాతం తినొచ్చని కాదు. నేరం రుజువైతే శిక్ష నాలుగు నుంచి పదేళ్లు.

కేసు నా మీదే కదా, మా ఆవిడని కూడా చేర్చగలరా?

చేర్చగలరు. 1999లో పి. నల్లమ్మాళ్ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉద్యోగి కానివారిని కూడా ప్రోత్సహించిన నేరానికి విచారించవచ్చని తేల్చింది. ఏ కాగితమో చదవకుండా సంతకం పెట్టిన గృహిణి కూడా నిందితురాలు కావచ్చు. ఆమె పేరున ఏం కొంటున్నారో ఆమెకు తెలియజేయండి.

నేను ఉద్యోగిని కాదు. నన్ను లంచం అడిగారు. ఇచ్చేస్తే నేనూ నేరస్తుడినేనా?

2018 నుంచి ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చి, ఏడు రోజుల్లోపు దర్యాప్తు సంస్థకు చెబితే మినహాయింపు ఉంది. ఇవ్వకముందే ఏసీబీ టోల్ ఫ్రీ నంబరు 1064కి ఫోన్ చేయడం ఇంకా మంచిది. అలా ముందే చెప్పి, వాళ్ల సూచన ప్రకారం ఇచ్చినవారికి ఈ సెక్షన్ వర్తించదు.

## రిటైరయ్యాక

పదవీ విరమణ అయిపోయింది. ఇక కాగితాలు చింపేయొచ్చా?

వద్దు. ప్రకటనలు ఇవ్వాల్సిన పని ముగిసినా అవినీతి కేసుకు రిటైర్మెంట్ అడ్డు కాదు. 1980 పెన్షన్ నియమాల్లోని 9వ రూల్ కింద పెన్షన్ నిలిపే అధికారం ప్రభుత్వానికి ఉంది. సర్వీసులో ఉండగా మొదలవ్వని శాఖాపరమైన విచారణకు నాలుగేళ్ల హద్దు ఉంది, అంటే అంతకంటే పాత సంఘటన మీద కొత్తగా విచారణ మొదలుపెట్టలేరు. క్రిమినల్ కేసుకు ఆ హద్దు వర్తించదు. స్టేట్‌మెంట్ల కాపీలు, అనుమతి ఉత్తర్వులు, లోను కాగితాలు ఒక ఫైల్లో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పండి.

రిటైరవగానే కంపెనీలో చేరొచ్చా?

కేంద్ర గ్రూప్ ఎ అధికారులు ఏడాది లోపు ప్రైవేట్ ఉద్యోగంలో చేరాలంటే అనుమతి కావాలి. ఒకప్పుడు ఈ గడువు రెండేళ్లు ఉండేది. రాష్ట్ర ఉద్యోగులు తమ పెన్షన్ మంజూరు చేసిన అధికారిని ముందుగా రాతపూర్వకంగా అడిగి చేరడం మంచిది, ముఖ్యంగా ఆ కంపెనీ ఫైళ్లు మీ టేబుల్ మీదుగా వెళ్లి ఉంటే.